ట్రాలీ పైపు పీకితే నూనె ఎందుకు కారదు?

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, ఫోన్‌లో నువ్వడిగిన దానికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ధాన్యం దింపాక నాన్న ట్రాక్టరు వెనక నుంచి ట్రాలీ తొట్టిని పైకి లేపే జాకీ పైపు పీకితే, ఒకటి రెండు చుక్కలు తప్ప నూనె కారలేదన్నావు. ఏళ్ల తరబడి ఆ పైపు తగిలించాను, తీశాను. ఒక్కసారి కూడా నాకు ఆ ప్రశ్న రాలేదమ్మా.

ముందు ఆ నూనె బలం సంగతి. ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు. కారు టైరులో గాలి సుమారు 2 బార్. ట్రాక్టరులో జాకీని తోసే హైడ్రాలిక్ నూనె 150 బార్ దాటి పోగలదు. అంటే నీ బొటనవేలి గోరంత చోటు మీద 75 కిలోల ధాన్యం బస్తాలు రెండు నిలబెట్టినంత బరువు. అంత బలం రెండు ముక్కలు కలిసే చోట ఎలా ఆగుతుంది?

మన పాత ఇంటి బావి గుర్తుందా? చేదకు చేంతాడు కట్టేటప్పుడు మా అమ్మ ఉరిముడి వేసేది. ఖాళీ చేదకు ఆ ముడి వదులుగానే ఉండేది. నీళ్లు నిండి బరువు పడ్డాక బిగుసుకునేది. ఎంత బరువైతే అంత బిగువు. పైపును ట్రాక్టరుకు కలిపే ఆ రెండు ముక్కల జోడును కప్లింగ్ అంటారు. దాని లోపల గాడిలో కూర్చున్న రబ్బరు రింగు కూడా అంతే. నూనె తోసేకొద్దీ రింగు గాడి అంచుకు నొక్కుకుని సందు మూసేస్తుంది. తప్పించుకోవాలని చూసే నూనే తన దారి తాను మూసుకుంటుంది! అయితే ముడిని మొదట చేత్తో ఒకసారి లాగి బిగించాలి కదా, రింగును కూడా మొదటే కాస్త నొక్కి పట్టేలా చేస్తారు. ముడిలో పుల్ల ఇరుక్కుంటే జారుతుంది, రింగు కింద ఇసుక రేణువు పడితే కారుతుంది. అందుకే నాన్న గుడ్డతో తుడిచి మరీ తగిలిస్తాడు.

ఈ ఉపాయం పాతదే. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా నీటి బలంతో నొక్కే ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. దాన్ని కారకుండా ఆపింది గిన్నెలా వంచిన తోలు ముక్క. నీరు తోసేకొద్దీ దాని అంచు గోడకు అతుక్కునేది. ఆ ఆలోచన అతని దగ్గర పనిచేసే హెన్రీ మాడ్స్‌లేదని చెబుతారు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు.

నాకు పదేళ్లప్పుడు ఇంజను పైపుకు రబ్బరు గొట్టం తగిలించి, సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి కట్టాను. ఎంత గట్టిగా కట్టానో! నీళ్లు రాగానే గొట్టం ఊడిపోయి నారుమడి సగం కొట్టుకుపోయింది. నాన్న తిట్టలేదు. ఆ మడి మళ్లీ నాచేతే చదును చేయించాడు. బయట ఎంత గట్టిగా చుట్టినా కాదు, లోపల అమరాలని ఆ రోజు తెలిసింది. పని పాడైన చోటే పని నేర్చుకుంటాం, భయపడకండి.

ఇక నీ ప్రశ్న. కప్లింగ్ రెండు ముక్కల్లోనూ వెనక స్ప్రింగు ఉన్న చిన్న తలుపు ఒక్కొక్కటి ఉంటుంది. రెండూ ఎదురెదురుగా తగిలితే ఒకదాన్నొకటి తోసుకుని తెరుచుకుంటాయి. విడదీస్తే స్ప్రింగు రెంటినీ మూసేస్తుంది. పక్కపక్క ఇళ్లవాళ్లు పెరటి తలుపులు ఒకేసారి తీసి, ఒకేసారి వేసుకున్నట్టు. ట్రాలీ తొట్టి పూర్తిగా దిగకముందే పైపు పీకితే, దాని బరువంతా లోపలి నూనె మీద పడి తలుపును బిగదీస్తుంది. మళ్లీ తగిలించడం చాలా కష్టం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. పైపు కారుతోందని వేలు పెట్టి చూడొద్దు. సూదిమొనంత చిల్లులోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది, కానీ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, అదీ పెద్దవాళ్లే.

ఆదివారం ఇంజను ఆపి, తొట్టి దింపి ఉన్నప్పుడు నాన్నను అడిగి ట్రాక్టరు వెనక మూత తీయించండి. బయటి కడియం వెనక్కి లాగితే లోపల చుట్టూ ఉక్కు గుండ్లు కనిపిస్తాయి. పైపు ముక్కు మీది గాడిలో పడి దాన్ని పట్టుకునేవి అవే. ఎన్నున్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య