ఉప్పెన వెళ్లాక తాగునీళ్లు: గంజాం తీరంలో ఊరి ప్రణాళిక

1999 అక్టోబరు తుఫాను ఒడిశాలో దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినా మృతుల సంఖ్య వందలోపే. అదీ భీకరమైన తుఫానే. తేడా ఎక్కడంటే, ఆసారి దాదాపు పది లక్షల మందిని ముందే ఇళ్లు ఖాళీ చేయించారు. అందుకే ముప్పును అంచనా వేసేటప్పుడు మూడు చూస్తారు: విపత్తు ఎంత పెద్దది, దాని దారిలో ఎవరున్నారు, తగిలితే తట్టుకునే శక్తి ఎవరికెంత. మొదటిది ఊరి చేతిలో లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, కుండపోతలు పెరుగుతాయి. మిగతా రెండిటినీ ఊరు మార్చుకోగలదు.

ఒక ఊరి ప్రణాళిక ఇంకో ఊరికి పనికిరాదు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, గజపతి జిల్లా బరఘరలో వానకు గుహలో తలదాచుకున్నవారి మీదే కొండచరియ విరిగిపడింది. తీరంలో కాపాడే ఎత్తే అక్కడ ప్రాణాలు తీసింది.

తీరపు పల్లెల్లో పని స్తంభాలతో మొదలుపెట్టాలి. పాత ఉప్పెన నీళ్లు ఎంతదాకా వచ్చాయో పెద్దలను అడిగి, కరెంటు స్తంభాల మీద ఎర్రగీత గీయాలి. గీతకు దిగువన ఉన్న ఇళ్లన్నిటినీ రాసుకోవాలి: కప్పు ఏమిటి, గర్భిణులెవరు, నడవలేనివారెవరు, ఎవరిని ఎవరు మోస్తారు. సాధారణంగా ఇక్కడే దెబ్బతింటుంది. మోస్తాడని రాసుకున్న కుర్రాడు అక్టోబరుకల్లా సూరత్‌లో పనిలోనో, పరాయి తీరంలో వేటలోనో ఉంటాడు. అందుకని ఇంటికి ఇద్దరి పేర్లుండాలి, వారిలో ఒకరైనా ఊళ్లోనే ఉండేవారు కావాలి. వాతావరణ శాఖ 48 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. నావలు, వలలు, మేకలు అప్పుడే పైకి చేరాలి, లేకపోతే వాటికోసం జనం తుఫాను షెల్టర్ నుంచి వెనక్కి పరిగెడతారు.

ప్రణాళికల్లో బొత్తిగా మరిచిపోయేది బావులను. తీరపు ఇసుకలో మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రం కన్నా ఒక మీటరు ఎత్తున ఉంటే, లెక్క ప్రకారం దాని అడుగున సుమారు 40 మీటర్ల లోతుదాకా మంచినీరే. ఆ మట్టాన్ని తోడి అర మీటరు దించితే, కింది ఉప్పునీరు 20 మీటర్లు పైకి రావడానికి దారి ఏర్పడుతుంది. ఉప్పెన పోగానే మోటారు పెట్టి పదేపదే తోడటం అందుకే ప్రమాదం. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో అలా తోడిన బావుల్లో ఉప్పు ఇంకా పెరిగింది. బురద, చెత్త తీసి, ఒక్కసారి నిదానంగా తోడి వదిలేయాలి. ఉప్పును కిందికి నెట్టేది వాననీరే. అది పడేదాకా తాగడానికి ట్యాంకర్ నీళ్లే.

బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది, ఉప్పును తీయదు. 1.5 మీటర్ల వెడల్పు బావిలో 3 మీటర్ల నీళ్లుంటే సుమారు 5,300 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 13 గ్రాములు చాలు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను బావిలో పోసి, చేదను పైకీ కిందికీ ఆడించి గంట ఆగాలి. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. గంట తర్వాత పరీక్షలో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలినట్టు తేలకపోతే మళ్లీ వేయాలి. మూత సరిగా లేని డబ్బాలో ఏడాది పాటు తేమ పీల్చిన పొడికి బలం ఉండదు. దాంతో పనయిందనుకుని నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి.

సముద్రానికి అడ్డంగా గోడ కట్టమని అడిగే ముందు ఒక్కటి గమనించాలి. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఉత్తరానికే ఎక్కువ కదులుతుంది. దాన్ని ఆపే కట్టడం ఏదైనా ఉత్తరాన ఉన్న పక్క ఊరికి కోత తెస్తుంది. మొగలి పొదలున్న ఇసుక దిబ్బలను చదును చేయకుండా కాపాడుకోవడం అంతకన్నా మేలు.

పల్లీసభ, అంటే ఊరివాళ్లంతా కూర్చునే సభ, ఫిబ్రవరిలో జరుగుతుంది. బావి గట్టును ఎర్రగీత కన్నా ఎత్తుగా కట్టాలని, షెల్టర్ దగ్గర చేతిపంపును ఎత్తైన దిమ్మె మీద బిగించాలని అక్కడే రాయించాలి. తీర్మానం ఒడియాలో ఉంటుంది, కాబట్టి ఇక్కడి తెలుగువాళ్లు వేలిముద్ర వేసేముందు తెలుగులో చదివించుకోవాలి.