కంప్యూటర్ వేడెక్కుతోందా? ముందు పూడిక ఎక్కడో చూడండి

ఎండలు ముదిరాయంటే నాకు వచ్చే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది. ఈసారి అడిగింది ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: "గేమ్ పెట్టగానే ప్రాసెసర్ 100 డిగ్రీలు చూపిస్తోంది, సిస్టమ్ నత్తనడక నడుస్తోంది. క్యాబినెట్ పక్క ప్యానెల్ తీసి టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాను. అయినా తగ్గలేదు. ప్రాసెసర్‌కి కొత్త కూలర్ కొనాలా?"

టేబుల్ ఫ్యాన్ పెట్టినా తగ్గలేదన్న మాటలోనే సగం జవాబు ఉంది. అది విప్పి చెప్పాలంటే కృష్ణా డెల్టా దాకా వెళ్లిరావాలి.

అక్కడ పొలంలో పడిన వాన నీరు మురుగు బోదెలోకి, బోదె నుంచి పెద్ద డ్రెయిన్‌లోకి, డ్రెయిన్ నుంచి సముద్రంలోకి పోతుంది. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క అడ్డం పడితే దానికి ఎగువన నీటిమట్టం లేస్తుంది. వాన ఆగకుండా పడుతుంటే ఎంతవరకు లేస్తుంది? పడుతున్న నీరంతా ఆ ఇరుకులోంచే పోయేంత ఒత్తిడి వచ్చేదాకా. అక్కడ నిలబడుతుంది. గమనించాల్సింది దిగువ వైపు. అడ్డు దాటి వచ్చే నీరు చివరికి మునుపటంతే కాబట్టి అక్కడ మట్టం మామూలుగానే ఉంటుంది. దిగువ గట్టు మీద నిలబడి చూసేవాడికి పైన పొలం మునిగిందని తెలియనే తెలియదు.

ఇప్పుడు నీటిని వేడి అనుకోండి, మట్టాన్ని ఉష్ణోగ్రత అనుకోండి. ప్రాసెసర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. 100 వాట్లు తీసుకుంటే 100 వాట్ల వాన. ఆ వేడి చిప్ నుంచి దాని మీదున్న నికెల్ పూత రాగి మూతలోకి, అక్కడి నుంచి సందు నింపే థర్మల్ పేస్ట్ దాటి హీట్‌సింక్ అనే లోహపు దిమ్మలోకి, దాని రెక్కల్లోకి, ఫ్యాన్ తోసే గాలిలోకి, క్యాబినెట్ బయటికి పోవాలి. గదిలోని గాలే సముద్రం. ప్రతి మజిలీలో కొంత మట్టం దిగుతుంది. రోగం పట్టుకోవడమంటే ఎక్కువ దిగుడు ఎక్కడుందో వెతకడమే.

వేడి ప్రసరించే మూడు పద్ధతులు రాయండి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ ఇవ్వండి అని బడిలో మార్కులకు అడుగుతారు. వేడి దారిలో ఉష్ణోగ్రత ఎక్కడ ఎంత పడిపోయిందని ఎవరూ అడగరు. బడి సైన్సులోనే ఓమ్ సూత్రమూ ఉంటుంది. కరెంటును నిరోధంతో గుణిస్తే వోల్టేజీ తేడా వచ్చినట్టే, వేడి ప్రవాహాన్ని ఉష్ణ నిరోధంతో గుణిస్తే ఉష్ణోగ్రత తేడా వస్తుంది. ఈ రెండు పాఠాలనూ కలిపి చెబితే పదో తరగతి పిల్లలు కూడా కంప్యూటర్ రోగం కనిపెట్టగలరని నా గట్టి నమ్మకం.

లెక్క వేసి చూద్దాం. ఒక పొర మందాన్ని దాని ఉష్ణవాహకతతో, వైశాల్యంతో భాగిస్తే నిరోధం వస్తుంది. ప్రాసెసర్ మూత 3 సెంటీమీటర్ల చదరం అనుకుందాం, అంటే 9 చదరపు సెంటీమీటర్లు. మూతకీ హీట్‌సింక్‌కీ మధ్య 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) సందు ఉందనుకుందాం. ఆ సందు నిండా ఉష్ణవాహకత 5 (మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అనే కొలతలో) ఉన్న మంచి పేస్ట్ ఉంటే 100 వాట్లకు దిగుడు సుమారు 1 డిగ్రీ. కొత్త కూలర్ అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొరను పీకడం మరిచిపోతే, దాని ఉష్ణవాహకత 0.2 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, అదే మందానికి 28 డిగ్రీలు. అదే సందులో ఉత్త గాలి ఉంటే? గాలి ఉష్ణవాహకత 0.026. దిగుడు 210 డిగ్రీలు దాటుతుంది! రెండు లోహాలూ అక్కడక్కడా తాకుతూనే ఉంటాయి కాబట్టి నిజంగా అంత రాదు. కానీ వెంట్రుక మందం కూడా లేని గాలి పొర ఎంత పెద్ద అడ్డో చూడండి. రాగి వాహకత 400 దగ్గర ఉంటుంది, పేస్ట్‌ది అందులో ఎనభయ్యో వంతు. అందుకే పేస్ట్ పని గాలిని తరిమేయడం వరకే. శనగగింజంత చాలు. టూత్‌పేస్ట్ రాసినా పనిచేస్తుందని చెప్పేవాళ్లుంటారు. అందులో నీళ్లున్నంతసేపు పనిచేస్తుంది, ఆరిపోయాక బీటలు వారి మళ్లీ గాలి చేరుతుంది.

అడ్డు ఎక్కడుందో కూలర్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. ప్రాసెసర్ 100 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు హీట్‌సింక్ రెక్కలను, తిరిగే ఫ్యాన్‌కి దూరంగా, వేలితో తాకండి. రెక్కలు గోరువెచ్చగా ఉంటే అడ్డు వాటికి ఎగువన, అంటే పేస్ట్ దగ్గరో బిగింపు దగ్గరో ఉంది. మీరు నిలబడింది దిగువ గట్టు మీద. రెక్కలే చురుక్కుమంటుంటే అడ్డు ఇంకా దిగువన ఉంది: దుమ్ము, ఫ్యాన్ లేదా క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడం.

నాకు ఇంకా ఇష్టమైన పరీక్ష గడియారంతో చేసేది. పొలం గట్టు దగ్గరే పూడిక ఉంటే చిన్న మడి క్షణాల్లో నిండుతుంది. డ్రెయిన్ చివర పూడితే ఊళ్ల వెంబడి పొలాలన్నీ నిండాలి, గంటలు పడుతుంది. ఇక్కడా అంతే. 25 గ్రాముల రాగి మూత ఒక డిగ్రీ పెరగడానికి 10 జౌళ్లు చాలు. 100 వాట్ల వేడి కదలకుండా నిలిస్తే సెకనుకు 10 డిగ్రీలు ఎగబాకుతుంది. 400 గ్రాముల అల్యూమినియం హీట్‌సింక్‌కి డిగ్రీకి 360 జౌళ్లు కావాలి, ఏ వేడీ బయటికి పోకపోయినా నిమిషానికి 17 డిగ్రీలే. కాబట్టి గేమ్ లాంటి బరువైన పని పెట్టిన కొన్ని సెకన్లలోనే 100కి చేరితే బిగింపును అనుమానించండి. పది, పదిహేను నిమిషాలు మెల్లగా ఎక్కితే దుమ్ము ఊదే బ్లోయర్ అందుకోండి. ఆరోగ్యంగా ఉన్న చిప్ కూడా మొదటి సెకనులో ఇరవై ముప్పై డిగ్రీలు ఎగరడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

దుమ్ము సంగతి అందరికీ తెలిసిందే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, అడ్డదిడ్డంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. దసరాకి క్యాబినెట్‌కి బొట్టు పెట్టి ఆయుధ పూజ చేసుకోండి, మనకు అన్నం పెట్టే పనిముట్టును గౌరవించడం మంచి ఆచారమే. అగరొత్తులు మాత్రం గాలి పీల్చే వైపు పెట్టకండి. పొగలోని జిగురు రెక్కల మీద పేరుకుని దుమ్మును పట్టేస్తుంది. మెషిన్‌కి దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: చిప్ లోపలే థర్మామీటర్ ఉంది, కోర్ టెంప్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని ముందు దాన్ని చదవండి.

మే నెల సంగతీ చెప్పాలి. సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్ పొడవునా మట్టం లేస్తుంది. గది 30 నుంచి 42కి పోతే చిప్ కూడా దాదాపు 12 డిగ్రీలు ఎక్కుతుంది, ఎక్కడా పూడిక లేకపోయినా సరే. అప్పుడు చేయగలిగింది గదిని చల్లబరచడం, లేదంటే వానే తగ్గించడం. చిప్ తీసుకునే పవర్‌లో పెద్ద వాటా వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది. వేగం తగ్గించకుండా వోల్టేజీని 10 శాతం దించగలిగితే ఆ వాటాలో వేడి 19 శాతం తగ్గుతుంది. అన్ని మజిలీల్లోనూ దిగుడు అదే లెక్కన తగ్గుతుంది.

ఇంకో సంగతి. చాలా ఇంటెల్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరసలో ఎక్కువ చిప్‌లు 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి పెరగడం ఆగకపోతేనే సిస్టమ్ ఆగిపోతుంది. ప్రాసెసర్ 70 దగ్గర ఉండగానే టక్కున ఆఫ్ అయిపోతుంటే కూలర్ జోలికి పోకుండా ముందు ఎస్ఎంపీఎస్‌ని, అంటే సిస్టమ్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాను చూడండి.

మన విద్యార్థి దగ్గరకు వద్దాం. టేబుల్ ఫ్యాన్ సముద్రం వైపు దారి తెరుస్తుంది, ఎగువన ఉన్న అడ్డును అది కదిలించలేదు. రెక్కలు చల్లగా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. ఎన్ని సెకన్లలో 100కి వెళ్తోందంటే రెండు మూడు అన్నాడు. అతనిది ఇంటెల్ డబ్బాతో వచ్చిన కూలర్. దానికి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, ఒక్కటి సరిగ్గా దిగకపోయినా హీట్‌సింక్ ఒక పక్కకు లేచి గాలి సందు ఏర్పడుతుంది. కాబట్టి కొత్త కూలర్ కొనే ముందు పవర్ తీసేసి ఉన్నదాన్నే విప్పాలి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పెట్టి, పిన్నులను ఎదురెదురు మూలల నుంచి జంటలుగా నొక్కాలి. తర్వాత మదర్‌బోర్డ్ వెనక్కి తిప్పి, నాలుగు కొనలూ బయటికి పూర్తిగా పొడుచుకొచ్చాయో లేదో చూసుకోవాలి.