గాలి వచ్చాకే డీజిల్

"మాది టర్బో లారీ, పాత రకం మెకానికల్ పంపు. లోడు వేసుకుని మొగిలి ఘాట్ ఎక్కుతుంటే లాగడం లేదు. పంపులో డీజిల్ కాస్త పెంచితే సరిపోతుంది, ఐదు నిమిషాల పని అంటున్నాడు మేస్త్రి. పెంచమంటారా?" అని పలమనేరు వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు.

ఐదు నిమిషాల పనే, అందులో అబద్ధం లేదు. అయితే పంపు మీద స్క్రూలు చాలా ఉంటాయి. ఏది తిప్పితే లోపల ఏం కదులుతుందో తెలియకుండా చెయ్యి పెడితే ఆ ఐదు నిమిషాలకి పిస్టన్లు, టర్బో మూల్యం చెల్లిస్తాయి.

నాలుగు స్ట్రోకుల సంగతి బడిలో చదివిందే, వదిలేద్దాం. కానీ పాఠంలో చెప్పని ముక్క ఒకటుంది. పెట్రోలు బండిలో యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి దారి. వచ్చిన గాలికి తగ్గట్టు పెట్రోలు కలుస్తుంది. మామూలు డీజిల్ ఇంజన్‌లో గాలికి తలుపే లేదు. పట్టినంత గాలి ప్రతిసారీ లోపలికి వస్తుంది, తొక్కితే పెరిగేది డీజిల్ ఒక్కటే. ఇంజనీరింగ్ కాలేజీలో కూడా బోర్డు నిండా గ్రాఫులు గీస్తారు గానీ, ఈ ఒక్క మాట గట్టిగా చెప్పరు. ఇది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

ఒక ఇంజన్ తీసుకుని లెక్క వేద్దాం. టాటా, కమిన్స్ కలిసి 1993లో పెట్టిన జంషెడ్‌పూర్ కంపెనీ నుంచి మన లారీల్లోకి వచ్చిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ ఉంది కదా, అదే. (అమెరికాలో 1989 నుంచి డాడ్జ్ పికప్‌లలో వచ్చిందీ ఈ కుటుంబమే. అక్కడ కొందరు కుర్రాళ్లు దీని పంపు విపరీతంగా పెంచి, కావాలనే నల్లపొగ కక్కించి సంబరపడుతుంటారు.) ఒక్కో సిలిండరు దాదాపు 1 లీటరు. టర్బో, అంటే గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి తోసే చక్రం, ఊదకపోతే అందులో పట్టే గాలి సుమారు 1 గ్రాము. ఇంటర్‌కూలర్ (టర్బో ఊదిన గాలిని చల్లబరిచేది) ఉన్న బండిలో టర్బో 1 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి పైన ఇంచుమించు మరో అంత, ఒత్తిడి ఇస్తే అది దగ్గర దగ్గర 2 గ్రాములవుతుంది. 1 గ్రాము డీజిల్ పూర్తిగా కాలాలంటే పుస్తకం లెక్కలో సుమారు 14.5 గ్రాముల గాలి చాలు. కానీ చిమ్మిన డీజిల్ గాలిలో సమంగా కలిసే తీరిక సిలిండర్‌లో ఉండదు కాబట్టి, పొగ రాకూడదంటే 20 గ్రాముల దాకా కావాలి. అంటే టర్బో ఊదనప్పుడు ఒక్కో విడతకి 50 మిల్లీగ్రాముల డీజిల్, పూర్తిగా ఊదినప్పుడు 100. మొదటిది ఇంచుమించు ఒక నీటి చుక్కంత. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌కీ సెకనుకి పన్నెండున్నర సార్లు ఆ చుక్క పడుతుంది. మేస్త్రి పెంచుతానంటున్నది ఆ చుక్కలో పదో వంతో, ఐదో వంతో.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. డ్రైవర్ కాలు దించిన మరుక్షణం పంపు రెండు చుక్కలు ఇవ్వగలదు. టర్బో మాత్రం అలా కాదు. అది తిరిగేది సైలెన్సర్ వైపు పోయే వేడి గాలితో. ఎక్కువ డీజిల్ కాలాలి, ఎక్కువ వేడి పుట్టాలి, చక్రం వేగం అందుకోవాలి, అప్పుడు గాని గాలి రాదు. ఈలోగా ఒకటి రెండు సెకన్లు గడుస్తాయి. ఆ కాసేపూ 1 గ్రాము గాలికి 100 మిల్లీగ్రాముల డీజిల్ పడితే, పుస్తకం లెక్క ప్రకారమే మూడో వంతు కాలడానికి గాలి చాలదు. మసి అయి బయటికొస్తుంది. కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. నిప్పు రాజుకోకముందే కట్టెలన్నీ తోసేస్తే వంటిల్లంతా పొగ. ఊదుగొట్టంతో ఊది, మంట లేచాకే ఇంకో కట్టె తోయాలి. మన టర్బో ఎలాంటి ఊదుగొట్టమంటే, మంట లేస్తే తప్ప ఊదదు.

మరి ఆగి ఆగి కట్టె తోసేదెవరు? నాకు ఈ పంపు మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. పంపు మీదో, ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్ పక్కనో చిన్న డబ్బా ఒకటి, దానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) నుంచి సన్నటి పైపు ఉంటాయి. డబ్బాలో డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర, దాని వెనక స్ప్రింగు. టర్బో ఒత్తిడి ఆ పైపులోంచి వచ్చి డయాఫ్రమ్‌ను నొక్కుతుంది. డయాఫ్రమ్ వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకోండి. అర బార్ ఒత్తిడికే దాని మీద 10 కిలోల బలం పడుతుంది. ఆ బలం స్ప్రింగును గెలిచిన కొద్దీ ఒక పుల్ల కదులుతుంది, పుల్ల ఒక లివర్‌ను తిప్పుతుంది, ఇంతవరకూ అడ్డుగా నిలబడిన లివర్ ర్యాక్‌కు, అంటే డీజిల్ మోతాదును మార్చే పంపులోని కడ్డీకి, దారి వదులుతుంది. ర్యాక్ కదిలితే డీజిల్‌ను నొక్కే ప్లంజర్లు తమ చుట్టూ తాము కాస్త తిరుగుతాయి. ప్లంజర్ ఎప్పుడూ ఒకే ఎత్తు లేస్తుంది, కానీ దాని ఒంటి మీద ఏటవాలుగా చెక్కిన గాడి ఉంటుంది. ప్లంజర్ తిరిగిన మేరకు ఆ గాడి వెనక్కిపోయే రంధ్రాన్ని ముందో, ఆలస్యంగానో కలుస్తుంది. కలిసేదాకా నొక్కిన డీజిల్ సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్‌కి, ఆ తర్వాతది వెనక్కి. కంప్యూటర్ లేదు, వైరు ముక్క లేదు. గాలి ఎంత వచ్చిందో గాలే చెప్తుంది, అంత డీజిలే విడుదలవుతుంది.

కాబట్టి "పంపు పెంచడం" అన్న మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి ఫుల్ లోడ్ స్టాప్. టర్బో పూర్తిగా ఊదినప్పుడు గరిష్ఠంగా ఎంత డీజిల్ పడాలో అది తేలుస్తుంది. రెండోది ఈ డబ్బాలోని స్ప్రింగు బిగువు. ఆ గరిష్ఠానికి ఎప్పుడు చేరాలో అది తేలుస్తుంది. పికప్ మందంగా ఉంటే రెండోదాని వ్యవహారం. ఘాట్‌లో చివరిదాకా లాగకపోతే మొదటిది. చాలామంది మొదటి రోగానికి రెండో మందు, రెండో రోగానికి మొదటి మందు వేస్తారు. మూడో స్క్రూ ఒకటుంది, గవర్నర్‌లో గరిష్ఠ వేగానిది. దాని జోలికి మాత్రం పోకండి. ఆ హద్దు దాటి తిరిగితే వాల్వులు పిస్టన్‌కి తగిలే ప్రమాదం.

ఇంతకీ ఆ పాఠకుడి లారీ పొగ కక్కుతూ లాగడం లేదా, పొగ లేకుండానే లాగడం లేదా? ఉత్తరంలో ఆ మాట రాయలేదు. నల్లపొగ వస్తూ లాగకపోతే డీజిల్‌కి కొరత లేదు, గాలికే కొరత. ఎయిర్ ఫిల్టరు, టర్బో, నాజిళ్లు చూడాలి. అక్కడ డీజిల్ పెంచడం రోగం ముదరబెట్టడమే. పొగ బొత్తిగా లేకుండా నీరసంగా ఉంటే ముందు ఆ సన్నపైపు చూడండి. పగిలినా, ఊడినా, లోపల ఆయిల్ మసి పట్టి పూడుకుపోయినా డయాఫ్రమ్‌కి కబురందదు, ర్యాక్‌కి దారి వదలదు. టర్బో లేని లారీలా నడుస్తుంది. ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులైనా ఇంచుమించు ఇదే కథ. డీజిల్ ఫిల్టరు, ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే ఫీడ్ పంపు కూడా అనుమానితులే. ఇన్ని ఉండగా మొదట స్క్రూ మీదికి చెయ్యి పోవడం నాకు నచ్చదు. లారీ వరసగా ఇబ్బంది పెడుతుంటే బంపర్‌కి కొత్త నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కడతారు. కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కట్టేటప్పుడు బానెట్ ఎత్తి ఆ పైపు కూడా ఓసారి వేలితో తడమండి.

ఇవన్నీ బాగుండి, పంపే అరిగిపోయి డీజిల్ తక్కువిస్తోందని తేలితే పంపు విప్పి కాలిబ్రేషన్ బెంచి మీద పెట్టించాలి. అక్కడ ఆరు గాజు గొట్టాల్లో పడే డీజిల్ కొలిచి ఆరూ సమానం చేస్తారు, డబ్బాకి గాలి ఒత్తిడి ఇచ్చి ర్యాక్ ఎప్పుడు కదులుతోందో చూస్తారు, కంపెనీ చార్టు దగ్గరికి తెస్తారు. రోడ్డు పక్కన విప్పే వస్తువు కాదది. ప్లంజర్‌కీ అది కదిలే గొట్టం బ్యారెల్‌కీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతులు), దుమ్ము రేణువు చాలు గీత పడడానికి. చార్టు దాటి పెంచమని మాత్రం నేను చెప్పను.

ఎందుకంటే వేడి. పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం కాస్త ఎక్కువైతే సిలిండర్ చల్లబడుతుంది. డీజిల్‌లో తద్విరుద్ధం, ఎక్కువయ్యే కొద్దీ వేడెక్కుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు 1 గ్రాము డీజిల్ వేడిని 80, 100 గ్రాముల గాలి పంచుకుంటుంది. ఫుల్ లోడులో పంచుకునేది 20 గ్రాములే. ఇంకా డీజిల్ పెంచి దాన్ని 17కి దించితే? పిస్టన్‌లోని అల్యూమినియం సిలికాన్ మిశ్రమం 600 డిగ్రీల సెల్సియస్ లోపే కరగడం మొదలవుతుంది, దానికి చాలా ముందే మెత్తబడుతుంది. ప్రతి విడతా వచ్చే చల్లగాలి, కింద నుంచి చిమ్మే ఆయిల్ దాన్ని కాపాడుతున్నాయి. టర్బైన్ ముందు ఎగ్జాస్ట్ వేడిని కొలిచే పైరోమీటర్ పెట్టించుకుంటే, ఇలాంటి ఇంజన్లలో ఎడతెగని ఎక్కుడుకి 700 డిగ్రీలకి దిగువన ఉండడం క్షేమం. టర్బో తర్వాత పెడితే 100, 150 డిగ్రీలు తక్కువ చూపి మోసం చేస్తుంది.

"పొల్యూషన్ టెస్టులో పాసైంది కదా" అనే భరోసా ఇక్కడ పనికిరాదు. ఆ పరీక్షలో లోడు లేకుండా నిలబెట్టి ఒక్కసారిగా తొక్కుతారు. పాత బండ్లకి 65, బీఎస్-4 వాటికి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత) పరిమితి. లోడు లేదు కాబట్టి టర్బో సరిగ్గా ఊదే లోపే ఇంజన్ గరిష్ఠ వేగం చేరిపోతుంది. అంటే అక్కడ పరీక్షకి కూర్చున్నది చాలావరకు మన డయాఫ్రమ్ డబ్బా. ఫుల్ లోడ్ స్టాప్ ఎంత పెంచారో ఆ యంత్రానికి సరిగా కనబడదు. పైరోమీటర్ ముల్లుకి కనబడుతుంది. అది 700 వైపు పోతుంటే గేరు దించండి. చుట్లు పెరిగి నిమిషానికి లోపలికొచ్చే గాలి పెరుగుతుంది. అదే శక్తికి ఒక్కో విడత పడే డీజిల్ తగ్గుతుంది. ముల్లు వెనక్కి వస్తుంది.