పొట్ట కోసి తీసే ఆపరేషన్: పాలమూరులో నేను వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో ప్లాస్టిక్ సర్జన్‌గా నేను చూసేవాళ్లలో ఎక్కువమంది కాలిన గాయాలవాళ్లు, బండి మీద నుంచి పడ్డవాళ్లు. ఈ మధ్య ముప్పై, నలభై ఏళ్ల తల్లులు కూడా వస్తున్నారు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడుగుతారు: “మేడం, కాన్పులైనంక ఈ పొట్ట తగ్గుతలేదు. కోసి తీసెయ్యరాదుండ్రి?” వాళ్లు అడిగే ఈ ఆపరేషన్‌నే టమ్మీ టక్ అంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఈ ఆపరేషన్‌తో బరువు తగ్గుతుంది.

ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. ముందు మీ పొట్ట ఎందుకు వచ్చిందో తెలియాలి. చర్మం సాగి వేలాడవచ్చు, చర్మం కింద కొవ్వు చేరవచ్చు, పొట్ట కండరాలు పక్కలకు జరిగి ఉండవచ్చు. ఈ మూడింటినీ టమ్మీ టక్ సరిచేస్తుంది. నాలుగోది పేగుల చుట్టూ పట్టే కొవ్వు. దాన్ని ఈ ఆపరేషన్‌లో తీయలేము. వెల్లకిలా పడుకుని పొట్టను పిడికిలితో పట్టి చూడండి. మెత్తగా చేతిలోకి వస్తే అది చర్మం కిందిది. పడుకున్నా డప్పులా బిగుతుగా ఉండి, పట్టుకుంటే దొరకకపోతే కొవ్వు చాలావరకు లోపలే ఉంది. మగవాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. అలాంటివాళ్లకు ముందు షుగర్, బీపీ పరీక్షలు రాస్తాను. వాళ్లకు కావలసింది తిండిలో మార్పు, రోజూ నడక.

లైపోసక్షన్ కూడా ఇదే అనుకుంటారు. అది గొట్టంతో కొవ్వును లాగుతుందంతే. సాగిన చర్మాన్ని కోసి తీయదు, కండరాలను దగ్గరికి తేదు. బాగా వదులైన పొట్టకు అదొక్కటే చేస్తే ఖాళీ సంచిలా ఇంకా వేలాడుతుంది.

అపోహ: సిజేరియన్‌లో కుట్లు సరిగా వేయలేదు, అందుకే పొట్ట వచ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. అందుకే ఈ మాట ఇంటింటా వినిపిస్తుంది. కానీ మామూలు కాన్పు అయినవాళ్లకూ ఇలాంటి పొట్టే వస్తుంది. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ, పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాల పట్టీలు పక్కలకు జరుగుతాయి. చాలామందికి కాన్పు తర్వాత కొన్ని నెలల్లో అవి మళ్లీ దగ్గరవుతాయి. కొందరికి కావు.

“నడుముకు గుడ్డ గట్టిగ కట్టుకోలే, గందుకే” అని అత్తమ్మలు నా ముందే కోడళ్లను అంటారు. అలా అనకండమ్మా. గుడ్డ కడితే నడుముకు ఆసరాగా ఉంటుంది, నొప్పి కొంచెం తగ్గుతుంది. పక్కలకు జరిగిన కండరాలను అది కలపలేదు. ఇందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మోకాళ్లు మడిచి పడుకుని, తల కొంచెం పైకి లేపి, బొడ్డు పైన వేళ్లు అడ్డంగా పెట్టండి. రెండు వేళ్ల కంటే వెడల్పుగా సందు తగిలితే చూపించుకోండి. ఫిజియోథెరపీతోనే చాలామందికి గుణం కనిపిస్తుంది. దగ్గినప్పుడు బొడ్డు దగ్గర గడ్డలా ఉబికితే అది హెర్నియా (కండరాల సందులోంచి లోపలిది బయటికి తోసుకురావడం) కావచ్చు. అందం సంగతి పక్కన పెట్టి దానికి వైద్యం చేయించుకోండి.

అపోహ: మచ్చ కనబడదు.

కనబడుతుంది. చీర కుచ్చిళ్ల కింద, ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత ఉంటుంది. పాత సిజేరియన్ మచ్చ తరచూ తీసేసే చర్మంతోపాటే పోతుంది. కొత్త మచ్చ నెలల తరబడి ఎర్రగా ఉండి, వాడిపోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. బొడ్డు కింద కొన్నాళ్లు స్పర్శ తెలియదు. గాయం మానాక మచ్చ ఉబ్బే ఒళ్లయితే ముందే చెప్పండి.

అపోహ: పప్పు, గుడ్డు తింటే కుట్లకు చీము పడుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి కారం లేని చారన్నం పెడతారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. షుగర్ అదుపులో లేకపోయినా, పొగాకు మానకపోయినా ఆ ప్రమాదం పెరుగుతుంది. బీడీ, సిగరెట్‌లలోని నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. రక్తం అందక కోత అంచున చర్మం నల్లబడి చచ్చిపోతుంది. గుట్కా, జర్దాలతోనూ అదే భయం. ఆపరేషన్‌కు ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు ఇవన్నీ మానాలి. అలవాటు ఉంటే సిగ్గుపడకుండా నాకు చెప్పండి.

అపోహ: ఈ ఆపరేషన్ అయితే ఇక పిల్లలు పుట్టరు.

పుడతారు. కానీ పొట్ట మళ్లీ సాగుతుంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ఆ కాన్పు అయ్యాకే రండి.

అపోహ: వారం రోజుల్లో పనికి పోవచ్చు.

ఇది పూర్తి మత్తులో రెండు నుంచి నాలుగు గంటలు పట్టే పెద్ద ఆపరేషన్. మొదటి వారం నడుము వంచే నడవాలి. నీరు పోవడానికి పెట్టిన పైపులు కొన్ని రోజులుంటాయి. సుమారు ఆరు వారాలు బెల్టు వేసుకోవాలి, బిందె ఎత్తకూడదు, చంటిపిల్లను కూడా ఎత్తుకోకూడదు. నాట్ల కాలంలో పెట్టుకోకండి. ఇంట్లో పని చేసిపెట్టే మనిషి లేకపోతే అసలే తొందరపడకండి. అందం కోసం చేసుకునే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా డబ్బులివ్వదు. ఖర్చంతా చేతి నుంచే పెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో ప్యాకేజీ తక్కువని పోయేవాళ్లు, చేసేది ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ చదివినవాళ్లేనా, మత్తు డాక్టర్, ఐసీయూ ఉన్నాయా అని అడగండి. ఇంటికొచ్చాక కోత కింద నీరు చేరితే ఎవరు తీస్తారో కూడా అడగండి. తిరుగు ప్రయాణం వంద కిలోమీటర్లు. దారిలో కారు ఆపి దిగి నాలుగు అడుగులు వేయాలి, ఎందుకంటే కదలకుండా కూర్చుంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం పోవచ్చు. 108కి ఫోన్ చేసి, అర్ధరాత్రి అయినా సరే దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లండి.