ఆవకాయ జాడీ, పార్సిలు ఛార్జీ

చి. అమ్ములుకి, చంటికి,

తాతయ్య ఆశీస్సులు. జాడీ పగలకుండా చేరిందని మీ నాన్న ఫోన్ చేశాడు. మామ్మ ఊపిరి పీల్చుకుంది. అమ్ములూ, వెనకనించి నువ్వు అడిగింది నాకు వినబడింది: "బస్సు ఎలాగూ వస్తుంది కదా, మన జాడీ ఎక్కితే దానికేం బరువు? మరి పోయినేటికంటే ఇరవై రూపాయలు ఎక్కువెందుకు తీసుకున్నారు?" పార్సిలాఫీసులో అడిగితే "డీజిల్ పెరిగిందండీ" అన్నారట. నేనూ ఫోన్‌లో "అంతేనమ్మా" అనేసి ఊరుకున్నాను. తర్వాత కాగితం తీసి లెక్క వేస్తే, అంతే కాదని తేలింది.

మా ఊరినించి హైదరాబాదు సుమారు 450 కిలోమీటర్లు. లెక్క సులువుగా ఉండటానికి బస్సు బదులు లారీ అనుకుందాం. పది టన్నుల సరుకు వేసిన లారీ లీటరుకి నాలుగు కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. 110 లీటర్ల చిల్లర. దాన్ని పదివేల కిలోలకి పంచితే కిలోకి 11 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు. మన జాడీ అయిదు కిలోలు, దాని వంతు 55 మిల్లీలీటర్లు. లీటరు వంద అనుకుంటే అయిదున్నర రూపాయలు. డీజిల్ లీటరుకి పది రూపాయలు పెరిగితే మన జాడీ మీద పడాల్సింది 55 పైసలే!

మరి ఇరవై ఎక్కడిది? లారీ టైరులో నల్లగా ఉండే కార్బన్ ముడిచమురు సరుకే. ఇంజిన్ ఆయిలు, సరుకు మీద కప్పే ప్లాస్టిక్ పట్టా, రోడ్డు మీద తారు, అన్నీ అదే తల్లి పిల్లలు. డ్రైవరు దారిలో తినే భోజనం హోటలువాడి గ్యాసు సిలిండరుతో ఉడికింది. జాడీని దించిన హమాలీ ఇంటినించి పనికి షేర్ ఆటోలో వచ్చాడు. ఒక్కొక్కచోట పైసల్లో పెరుగుతుంది. పైసలు ఎవరూ తీసుకోరు కాబట్టి ఎవరి దగ్గరికి వచ్చేసరికి వాళ్లు పై రూపాయికి సరిచేస్తారు. ఇంతమంది చేతులు మారేసరికి ఇరవై. ఇందులో దొంగ ఎవడూ లేడు, అదే చిక్కు.

అసలు చెంచాల లెక్కన పోసే డీజిలుకి ఇంత పెత్తనం ఎందుకు? ఒక లీటరు డీజిల్లో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది, మీ కరెంటు బిల్లులో రాసే యూనిట్లే. గట్టి మనిషి పొద్దుటినించి సాయంత్రం దాకా ఒళ్లొంచి చేసే పని అర యూనిట్టు, మహా అయితే కొంచెం పైన. ఇంజిను మూడింట రెండొంతులు వేడిగా పారేసినా, మిగిలినదాంట్లో అయిదారు రోజుల కూలిపని ఉంటుంది. వంద రూపాయలకి అయిదారు రోజుల కూలి! ఈ ధరలో ఏ మనిషీ దొరకడు.

మా చిన్నప్పుడు ఇక్కడి కొబ్బరికాయలూ ధాన్యం బస్తాలూ కాలవల మీద పడవల్లో పోయేవి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడినించి తవ్విన కాలవలు పొలానికి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. గాలి అనుకూలిస్తే తెరచాప. లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజానికేసుకుని లాగేవాళ్లు. లాకుల దగ్గర నీటిమట్టం సమానమయ్యేదాకా పడవలు బారులు తీరి ఆగేవి. ఎంత బాగుండేదో అని చెప్పేవాళ్లుంటారు. తాడు రాసుకుని కాయలు కాచిన ఆ భుజాలు చూసినవాణ్ణి, నేను అలా చెప్పను. లారీ వచ్చి ఆ భుజాలకి విశ్రాంతి ఇచ్చింది. కానీ లారీ తినేది మన ఊళ్లో పండదు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినించి కొనితెచ్చుకున్నదే.

సరే, జాడీ దగ్గరికి వద్దాం.

రోహిణి కార్తెలో జాడీ నిండుగా ఉంటుంది. గరిటె ముంచితే ముక్కలే ముక్కలు. దసరాకి సగానికి వస్తుంది, గరిటె కాస్త లోపలికి వెళ్లాలి. మాఘమాసానికి అడుగు తగులుతుంది. ముక్క ఉండదని కాదు, ఉంటుంది. జాడీ వంచాలి, పొడుగు గరిటె వెతకాలి, ఒక ముక్క కోసం మూడు నిమిషాలు తంటాలు పడాలి. భూమిలో చమురూ ఇంతే. 1859లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో తవ్విన తొలినాటి చమురుబావి లోతు డెబ్బై అడుగులకి ఓ అరడుగు తక్కువ, మన ఊరి మంచినీళ్ల బోరుకంటే తక్కువ. ఇవాళ మన కాకినాడకి ఎదురుగా సముద్రంలో వెయ్యి మీటర్లకి పైగా నీళ్లు దాటి, ఆ అడుగునించి మళ్లీ వేల మీటర్లు తొలుస్తున్నారు. జాడీ ఖాళీ కాలేదు. గరిటె ఖరీదైపోయింది. ధర పెరిగేది సరుకు అయిపోయినప్పుడు కాదు, చెయ్యి అందనప్పుడు.

ఇంకోటి. జాడీ ఒకేరోజు ఖాళీ అవదు. మామ్మ వడ్డనలో రెండు ముక్కలు ఒకటవుతాయి, తర్వాత ఊట మిగులుతుంది. ఏ రోజూ "ఇవాళ తగ్గింది" అని మీకు తెలీదు. ఇల్లూ ఊరూ నెమ్మదిగా చితికేది ఇలాగే. పెట్రోలుకి వెయ్యి రూపాయలు ఎక్కువైన ఇంట్లో ముందు హోటలు మానేస్తారు, తర్వాత పండక్కి ఒక జత తగ్గిస్తారు, తర్వాత ట్యూషన్. ఇక్కడ మానుకున్న ప్రతి రూపాయీ అక్కడ టైలరు గల్లాలో తగ్గుతుంది. ఆ టైలరమ్మ కూరగాయల బండివాడి దగ్గర అరకిలో తగ్గిస్తుంది.

చంటీ, జాడీ పోలిక ఒకచోట అతకదు, నువ్వు పట్టుకునేలోపు నేనే చెప్తాను. చమురు ధర ఎప్పుడూ పైకే పోదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు సరఫరా బిగించాయి. పీపా, అంటే 159 లీటర్లు, మూడు డాలర్ల దగ్గరినించి నాలుగు నెలలు తిరక్కుండా పన్నెండు దగ్గరికి పోయింది. ఆ నవంబరులోనే వాజ్‌పేయిగారు ధరలకి నిరసనగా ఎద్దుబండెక్కి పార్లమెంటుకి వెళ్లారు. 2008 జులైలో 147 డాలర్లు తాకింది. అదే డిసెంబరుకి నలభైకి దిగువన పడింది. తర్వాత అమెరికావాళ్లు రాతిపొరలు పగలగొట్టి తీయడం మరిగారు, 2014 చివర్లో మళ్లీ కూలింది. పెరిగినప్పుడు అందరూ సైకిళ్ల గురించి మాట్లాడతారు. తగ్గగానే పెద్దకారుకి అప్పు తీసుకుంటారు. జాగ్రత్త పడాల్సింది తగ్గినప్పుడే, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు.

ఇక పనిలోకి దిగుదాం. ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించండి. ఇల్లూ ఆఫీసూ మధ్య 20 కిలోమీటర్లు. రానూపోనూ 40, నెలకి 25 రోజులు, వెయ్యి కిలోమీటర్లు. లీటరుకి 50 ఇచ్చే బండి మీద 20 లీటర్లు. 15 ఇచ్చే కారులో 67. లీటరు 110 అనుకుంటే ఒకటి 2,200, రెండోది 7,370. ఆఫీసుకి దగ్గరగా అద్దె మూడువేలు ఎక్కువైనా, కారువాడికి లాభమే. పెట్రోలు పెరిగేకొద్దీ ఆ లాభం పెరుగుతుంది. అప్పు విషయం కూడా చెప్పండి. కిస్తీకి ధరలతో పనిలేదు, రాబడి తగ్గినా అది తగ్గదు. ఆవకాయలో నూనె ముక్కల మీద వేలు మందం తేలాలని మామ్మ ఎందుకంటుంది? నూనె కిందికి దిగి ముక్క బయటపడితే గాలి తగిలి బూజు పడుతుంది. నాలుగైదు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో కదలకుండా ఉంటే అదే ఆ వేలు మందం.

మీ పని వంటింట్లో మొదలవుతుంది. సిలిండరు మెడ చుట్టూ ఉన్న రేకు మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, 15.4 అనో 16.1 అనో. గ్యాసు 14.2 కిలోలు. కొత్త సిలిండరు వచ్చిన రోజే తూకం వేసి, రెండూ కలిపినంత ఉందో లేదో చూడండి. పెట్టిన తేదీ క్యాలెండరు మీద రాయండి. అక్కడే 'బి' అనీ పక్కన రెండంకెలూ ఉంటే, ఆ ఏడాది ఏప్రిల్-జూన్ లోపు ఆ సిలిండరుని మళ్లీ పరీక్షించాలని అర్థం. 'ఏ' అయితే జనవరి-మార్చి. గడువు దాటినది వస్తే వెనక్కి పంపమనండి.

కందిపప్పు అరగంట నానబెడితే కుక్కర్లో కూతలు తగ్గుతాయి. మొదటి కూత రాగానే మంట సిమ్‌లో పెట్టాలి. మూతలేని గిన్నెలో నీళ్లు ఒకసారి తెర్లాక, ఎంత మంట పెట్టినా వంద డిగ్రీలు దాటవు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. మంట నీలంగా కాక పసుపుగా వస్తూ గిన్నె అడుగు మసి పడుతుంటే, బర్నరు కన్నాలు మూసుకుపోయాయని. చల్లారాక తీసి గుండుసూదితో పొడవండి. ఇండక్షన్ పొయ్యి ఒకటి ఉంటే మంచిదే. లీటరు నీళ్లు మరగడానికి యూనిట్టులో పదోవంతు చాలు. కానీ దాన్ని సెల్‌ఫోన్ ఛార్జరు పెట్టే చిన్న సాకెట్టులో పెట్టకండి, 16 ఆంపియర్లదే కావాలి. లేకపోతే ప్లగ్గు కరిగి అతుక్కుపోతుంది. అల్యూమినియం గిన్నెలు దాని మీద వేడెక్కవు. గ్యాసూ అదీ రెండూ ఉండటమే క్షేమం, ఒకటి ఆగితే ఒకటి. పెట్రోలు సీసాల్లో పట్టి దాచడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాక్కుంటూ పొయ్యి దాకా వెళ్తుంది.

బాల్కనీలో మొక్కలా? పెంచండి. తోటకూర నెలలోపు కోతకొస్తుంది. కాకపోతే నలుగురున్న ఇంటికి నెలకి ముప్పై నలభై కిలోల బియ్యం కావాలి, అవి కుండీల్లో పండవు. 1991లో సోవియట్ యూనియన్ పోయాక క్యూబాకి వచ్చే చమురు సగానికి పైగా పడిపోయింది. పదిలక్షలకి పైగా సైకిళ్లు చైనానించి తెచ్చుకున్నారు. ట్రాక్టర్లు ఆగితే ఎద్దులకి దుక్కి నేర్పారు. హవానాలో ఖాళీస్థలాల్లో మళ్లు కట్టి కూరలు పండించారు. ఈ కథ ముచ్చటగా చెప్పేవాళ్లు రెండో సగం దాటేస్తారు. 1992, 93ల్లో అక్కడ యాభైవేల మందికి చూపు మందగించింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. తిండి చాలక, బి విటమిన్లు అందక. వాళ్లకి జాడీ నెమ్మదిగా తరగలేదు, ఎవరో లాగేసుకున్నట్టు పోయింది. నెమ్మదిగా తరిగేవాళ్లకి నేర్చుకునే వ్యవధి ఉంటుంది. అందుకే సైకిలు సంగతి ఇప్పుడే చెప్తున్నాను.

మీ ఇంటి కింద సెల్లారులో మీ సైకిలు రెండేళ్లుగా పంచరుతో పడి ఉందిగా. ఆదివారం దాన్ని తిరగేసి సీటు మీద నిలబెట్టండి. గాలి పూర్తిగా తీసేసి, టైరు అంచుని రిమ్ము మీదినించి స్పూను కాడతో ఒకవైపు లేపండి. స్క్రూడ్రైవరు వద్దు, అది ఇంకో చిల్లు పెడుతుంది. ట్యూబు లాగి, కొంచెం గాలి కొట్టి, బకెట్టు నీళ్లలో వరసగా ముంచుతూ పోండి. ఒకచోట సన్నగా బుడగలు లేస్తాయి. పెన్నుతో చుట్టూ గీయండి. తుడిచి, బాగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో ప్యాచీకంటే కాస్త వెడల్పుగా రుద్దండి. సొల్యూషన్ పల్చగా పూసి అయిదు నిమిషాలు ఆగాలి. వేలు పెడితే అంటుకోకూడదు, అప్పుడే ప్యాచీ. చంటికి అంతసేపు ఆగడం రాదు, అక్కే చూసుకోవాలి. తడిమీద అంటిస్తే సాయంత్రానికి లేచిపోతుంది.

ఇంతా చేసి సగం మంది మర్చిపోయేది ఒకటుంది. ట్యూబు తిరిగి ఎక్కించేముందు టైరు లోపల వేళ్లతో నెమ్మదిగా, చుట్టూ ఒక్క అంగుళం వదలకుండా తడమాలి. ముల్లో గాజుపెంకో ఇంకా అక్కడే గుచ్చుకుని ఉంటుంది. అది తీయకపోతే వీధి చివరికి వెళ్లేలోపు మళ్లీ పంచరు.

బుడగ ఎక్కడ లేచిందో, లోపల ఏం దొరికిందో ఉత్తరం రాయండి. దొరికింది పారేయకండి, కవర్లో పెట్టి పంపండి, చూస్తాను.

మీ తాతయ్య

తా.క.: నిరుటి ఖాళీ జాడీ పంపించమని మామ్మ గుర్తుచేస్తోంది. పార్సిలు వద్దట, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకుని తెమ్మంది.