పది రోజుల ట్రైనింగ్, పదకొండో రోజు బడి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అనుభవం

ఏదో ఒక సాయంత్రం టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చి పడుతుంది. ఎల్లుండి నుంచి ట్రైనింగ్, మొదటి స్పెల్ (విడత) వాళ్ల పేర్లు ఇవీ అని. వెంటనే ఫోన్లు మోగుతాయి. "సార్, మా బడిలో నేనొక్కదాన్నే, పిల్లల్ని ఎవరు చూస్తారు?" "నన్ను రెండో స్పెల్‌లో వెయ్యండి సార్, ఇంట్లో పెళ్లుంది." ఇంకొకరు అడిగేది ఒకటే: ఎన్ని రోజులు? ఈసారి ఏం నేర్పుతారని అడిగిన గొంతు నేను చాలా తక్కువసార్లు విన్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఇదే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ మాట బాధతోనే రాస్తున్నాను. టీచర్లకు నేర్చుకోవాలని లేదనుకుంటే అది అన్యాయం. ట్రైనింగులంటే వాళ్లకు ఆసక్తి ఎక్కడ తగ్గిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఉద్యోగంలో చేరిన టీచరు మధ్యమధ్యలో మళ్లీ చదువుకోవాలన్న మాటను దేశస్థాయిలో గట్టిగా చెప్పింది 1964-66 నాటి కొఠారీ కమిషన్. ప్రతి ఐదేళ్లలో రెండు మూడు నెలలైనా శిక్షణ ఉండాలంది. దాంతోపాటు ఇంకో సంగతి కూడా చెప్పింది: ఒక హైస్కూలు చుట్టూ ఉన్న చిన్న బడులన్నీ ఒక కాంప్లెక్స్‌గా ఏర్పడి, టీచర్లు ఒకరికొకరు తోడుగా ఉండాలని. మనం నెలనెలా వెళ్లే కాంప్లెక్స్ మీటింగ్‌కు మూలం అక్కడుంది. అప్పటికి ప్రకాశం జిల్లాయే లేదు. ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరిలో వీటిని కలిపి కొత్త జిల్లా చేశారు.

1986 జాతీయ విద్యావిధానం వచ్చాక శిక్షణలకు ఊపు వచ్చింది. 1986 నుంచి 1989 వరకు దేశమంతా పది రోజుల శిబిరాలు పెట్టి పదిహేడు లక్షల మందికి పైగా టీచర్లను కూర్చోబెట్టారు. జిల్లాకొక డైట్, అంటే టీచర్ల శిక్షణ సంస్థ, ఉండాలన్న నిర్ణయమూ ఆ విధానం వల్లే వచ్చింది. ప్రకాశం జిల్లా డైట్ సంతనూతలపాడు మండలం మైనంపాడులో ఉంది. నెల్లూరుది ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో. పెన్న ఒడ్డున ఉన్న ఈ పల్లిపాడుకే 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. చేత్తో పని చేస్తూ చదువు నేర్వాలని ఆయన 1937లో వార్ధాలో అందరి ముందూ పెట్టిన ఆలోచన, ఆశ్రమం ఉన్న ఊళ్లోనే టీచర్లు కావాలనుకునే కుర్రకారు చార్టులు అతికిస్తూ కనబడటం, ఈ రెండూ పక్కపక్కన తలుచుకుంటే నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.

మా తరం టీచర్లకు అసలైన మలుపు మాత్రం ఏపీపెప్. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి 1996 వరకు రాష్ట్రమంతా నడిచిన ప్రాథమిక విద్యా పథకం అది. ఆరు సూత్రాలు ఉండేవి. పిల్లలు చేస్తూ, వెతుకుతూ నేర్చుకోవాలి, ఒక్కొక్కరుగా, గుంపుగా, తరగతి మొత్తంగా పని చేయాలి, ఊళ్లో దొరికే వస్తువులే పాఠానికి ఆధారం కావాలి, పిల్లలు చేసినవి గోడమీద కనబడాలి, ఇలా సాగేవి. ఆ రోజుల్లో బడికి వెళ్తే ఒక మూల చింతగింజలు, గవ్వలు, ఈనెపుల్లల కట్టలు, తాడుకు వేలాడదీసిన పిల్లల బొమ్మలు కనిపించేవి. అవన్నీ ఇన్‌స్పెక్షన్ కోసం వేలాడదీసినవే అన్నవాళ్లూ ఉన్నారు. కొన్నిచోట్ల అది నిజం కూడా.

నా దృష్టిలో ఏపీపెప్‌లో విలువైన భాగం ఆరు సూత్రాలకన్నా టీచర్ సెంటర్లు. చుట్టుపక్కల బడుల టీచర్లు ట్రైనింగ్ అయిన తర్వాత కూడా విడతలవారీగా ఒక చోట కలిసేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, అలాంటి ఒక సమావేశానికి మూడో తరగతి పిల్లల లెక్కల నోటుపుస్తకాలు పట్టుకెళ్లాను. యాభై రెండులోంచి ముప్పై ఏడు తీసెయ్యమంటే తరగతిలో సగం మంది ఇరవై ఐదు అని రాశారు. నాకు వాళ్లు శ్రద్ధ పెట్టడం లేదనిపించింది. మాకంటే సీనియర్ అయిన ఒక మేడమ్ పుస్తకాలు వరసగా తిరగేసి, "వీళ్లు అజాగ్రత్తగా రాయలేదయ్యా. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేశారు. అందరూ ఒకే తప్పు చేశారంటే మనం చెప్పిన దాంట్లోనే ఏదో ఉంది" అన్నారు. పది ఈనెపుల్లలు కలిపి దారంతో కట్టి, ఆ కట్ట విప్పితేనే ఏడు పుల్లలు ఎలా తీయగలమో నా చేతే చేయించారు. దానికి ముందు పది రోజుల ట్రైనింగ్‌లో "స్థానవిలువ" మీద ఒక పూటంతా విన్నాను. అది తలకెక్కింది మాత్రం ఆ సాయంత్రం, నా పిల్లల పుస్తకాలు ముందు పెట్టుకున్నాకే.

ఆ కాలంలోనే జిల్లాలో టీచర్లకు సంబంధం లేనట్టు కనబడే మరో పెద్ద శిక్షణ నడిచింది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. వయోజనులకు రెండు వందల గంటల్లో, మూడు వాచకాలతో చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలన్నది జాతీయ అక్షరాస్యతా మిషన్ పద్ధతి. నేర్పేది ఎవరు? ఊళ్లో కాస్త చదువుకున్న ఆడపిల్లలు, నిరుద్యోగులు, కొందరు టీచర్లు. వాలంటీర్లుగా వాళ్లకు దొరికింది కొద్ది రోజుల శిక్షణే. నేర్చుకునేవాళ్లు పగలంతా కూలికి వెళ్లి వచ్చి, పొయ్యి ఆర్పి, పలక పట్టుకుని కూర్చునే ఆడవాళ్లు. ఉద్యోగం చేస్తూ నేర్చుకునే టీచర్లలాగే వాళ్లూ పని చేసుకుంటూ నేర్చుకునే పెద్దవాళ్లే కదా.

అంత తక్కువ శిక్షణతో వాలంటీర్లు నిలబడగలిగారంటే, నేను చూసిన కారణం ఒక్కటే. శిక్షణ అయిపోయిన మర్నాడు రాత్రే తరగతి. అక్కడ తడబడితే, మళ్లీ కలిసినప్పుడు అడగడానికి మనుషులుండేవాళ్లు. పాఠం కూడా అక్షరాల దగ్గరే ఆగలేదు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడిని మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి కథ మళ్లీ వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. పొదుపు పుస్తకంలో జమ, ఖర్చు, నిల్వ రాయడం వచ్చిన ఆడవాళ్లు ఒకప్పుడు పలక పట్టినవాళ్లే. ప్రతి సమావేశంలో ఆ లెక్క చదివి వినిపించాల్సి రావడంతో నేర్చుకున్నది మరిచిపోయే వీలు లేకపోయింది.

1996లో డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) వచ్చింది. రాష్ట్రంలో మొదట తీసుకున్న ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ప్రకాశం రెండో దశలో చేరింది. మండల రిసోర్స్ సెంటర్లు అప్పటి నుంచే మా జీవితంలో భాగమయ్యాయి. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్‌లో ప్రతి టీచరుకు ఏడాదికి ఇరవై రోజుల శిక్షణ అన్న లెక్క వచ్చింది. రోజుల సంఖ్య చూస్తే కొఠారీ కమిషన్ కోరినదానికి దగ్గరే. కానీ అంతమందికి ఒక్కసారిగా నేర్పాలంటే పద్ధతి మారక తప్పలేదు. రాష్ట్రస్థాయిలో కొందరికి, వాళ్లు జిల్లాలో మరికొందరికి, వాళ్లు మండలంలో అందరికీ చెప్పాలి. పైన ఐదు రోజులు చేసి చూసిన పని, కిందికి వచ్చేసరికి మాడ్యూల్ (శిక్షణ పుస్తకం) చదివి వినిపించడంగా మారేది. ఇలా కింది వాళ్లకు చెప్పే రిసోర్స్ పర్సన్లను (ఆర్పీలను) తప్పుపట్టలేను. నేనూ రెండుసార్లు ఆర్పీగా వెళ్లాను. నేను స్వయంగా చేసి చూడని ప్రయోగాన్ని వంద మంది ముందు చెప్పాల్సి వచ్చినప్పుడు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. 2004లో ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరాక టీవీ ముందు కూర్చుని టెలికాన్ఫరెన్స్ వినడం కూడా కొన్నేళ్లు సాగింది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక కేంద్రం ఈ ఇరవై రోజుల్ని సవరించింది. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే. మండల కేంద్రంలోనో ఆపైనో పది రోజులు, టీచరుకు రోజుకు 200 రూపాయలు. మిగతాది కాంప్లెక్స్ స్థాయిలో, నెలకొకటి చొప్పున ఏడాదికి పది సమావేశాలు, రోజుకు 100 రూపాయలు. కాగితం మీద ఇది చాలా మంచి మార్పు. ఒక నెల విన్నది బడిలో చేసి చూసి, వచ్చే నెల దాని గురించి మాట్లాడుకోవచ్చు. టీచర్ సెంటర్లలో మేము చూసింది ఇదే కదా. కానీ ఏటేటా ఆ నెల సమావేశంలోకి వేరే పనులు వచ్చి చేరాయి. ఆధార్ నమోదు, యూనిఫాం కొలతలు, మరుగుదొడ్ల ఫొటోలు, యాప్‌లో పెండింగ్ ఎంట్రీలు. నమూనా పాఠం చెప్పాల్సిన టీచరు వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది, దూరం ఊళ్ల వాళ్లకు బస్సు టైమ్ అవుతుంది.

2019 ఆగస్టులో టీచర్ల కోసం కేంద్రం నిష్ఠా అనే శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడు కరోనాతో అది దీక్షా అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారింది. 2020 జాతీయ విద్యావిధానం టీచరు, హెడ్మాస్టరు ఏడాదికి 50 గంటలు నేర్చుకోవాలంది. ఆన్‌లైన్ కోర్సుల్లో మంచి ఉంది. పసిబిడ్డ ఉన్న టీచరమ్మ వారం రోజులు జిల్లా కేంద్రంలో ఉండనవసరం లేదు. అర్థం కాని భాగాన్ని మళ్లీ చూసుకోవచ్చు. అయితే కోర్సు పూర్తయితే సర్టిఫికెట్ వస్తుంది తప్ప, మన తరగతిలో పిల్లవాడు ఇరవై ఐదు అని ఎందుకు రాశాడో వీడియో చూడలేదు.

రైతుల వైపు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కృషి విజ్ఞాన కేంద్రంలో ఒకరోజు శిక్షణకు వెళ్లొచ్చిన రైతు బాగుందంటాడు. పొలంబడికి వెళ్లిన రైతు మాత్రం పురుగుల పేర్లు, ఏది మంచిది, ఏది చెడ్డదో వేళ్ల మీద లెక్కపెడతాడు. వరి పొలం గట్టు మీద పంటకాలం పొడుగునా విడతలవారీగా కలిసే పద్ధతి అది. 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో మొదలైంది. అక్కడా చెప్పే సమయం తక్కువే. కాకపోతే అదే పొలానికి మళ్లీ మళ్లీ వెళ్లాలి, పోయిన వారం చూసిన ఆకుని ఈ వారం మళ్లీ చూడాలి.

అందుకే మొన్నటి మీటింగ్‌లో మా కాంప్లెక్స్ హెచ్‌ఎంను ఒక్కటే అడిగాను: ఎంట్రీల పని మధ్యాహ్నానికి మార్చి, పొద్దున మొదటి గంట పిల్లల పుస్తకాలకు ఇవ్వండి సార్ అని. ఆయన ఒప్పుకున్నారు. వచ్చే నెలకు ఒక్కొక్కరు ఐదు నోటుపుస్తకాలు తేవాలి. మా బడిలో చేరి రెండేళ్లు కూడా నిండని టీచరమ్మ నిన్ననే వచ్చి అడిగింది: "సార్, బాగా రాసినవాళ్లవి తేవాలా, తప్పులు రాసినవాళ్లవి తేవాలా?" తప్పులు రాసినవే తెమ్మన్నాను. ఈనెపుల్లల కట్టలు నేను తెస్తాను.