కొండవాలు మీద ద్రాక్షతోట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మీరు చూసొచ్చిన ఆ చిన్న వైనరీ గురించి రెండు ప్రశ్నలు అడిగారు. కింద చదును నేల ఉండగా కొండవాలు ఎక్కి ద్రాక్ష నాటడం ఎందుకు? అంత కష్టపడి చేసిన వైన్‌ను రుచి చూసి ఉమ్మేయడం ఎందుకు?

బడిలో గ్రూప్ ఫొటో తీసేటప్పుడు మిమ్మల్ని మెట్ల మీద నిలబెడతారు కదా. చదును నేల మీదైతే ముందువాడి తల వెనకవాడి మొహానికి అడ్డం. వాలు మీద తీగల వరసలూ అలాగే నిలబడతాయి, అక్కడ ఫొటోగ్రాఫర్ సూర్యుడు. మా బడి ఫొటోల్లో నేను పొడుగని ఎప్పుడూ పై మెట్టే. ఎండ కళ్ళలో గుచ్చుతుంటే "కళ్ళు మూయకండర్రా!" అని అరుస్తూ, నుదుటి మీద పడ్డ జుట్టు మేష్టారే స్వయంగా పక్కకి తోసేవారు. తోటలో ఆ పని రైతుది. గుత్తులకు అడ్డమొచ్చే ఆకుల్ని తుంచి, ఎండా గాలీ తగలనిస్తాడు. మెట్ల మీద నీళ్ళు నిలవనట్టే వాలు మీదా వాననీరు జారిపోతుంది, వేళ్ళు కుళ్ళవు. రాత్రి చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, పైన ఈదురుగాలి కొడుతుంది. అందుకే ఈ ఫొటోలో మధ్య మెట్టు వాళ్ళదే అదృష్టం.

చలిదేశాల్లో ఆ కాస్త ఎండ కోసం మనుషులు ఎంతకైనా తెగిస్తారు. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున, బ్రెమ్ అనే ఊరి దగ్గర వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడ చాలా పని చేత్తోనే చెయ్యాలి.

ఇక రసం వైన్ అయ్యేది ఈస్ట్ వల్ల. కంటికి కనపడని ఆ ప్రాణులు తీపిని తిని ఆల్కహాల్‌నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ వదులుతాయి. ఇది ప్రాణమున్న ఈస్ట్ చేసే పనేనని 1860 ప్రాంతంలో లూయీ పాశ్చర్ నిరూపించాడు. తర్వాత పీపాలో ఉంచితే చెక్క గుండా కొంచెం కొంచెం ఆవిరైపోతుంది. ఖాళీలో గాలి చేరితే వైన్ పులిసి వెనిగర్ అవుతుంది కాబట్టి, మూత తీసి మళ్ళీ మళ్ళీ నింపుతుంటారు. పీపా మూత చుట్టూ మీరు చూసిన ఊదారంగు మరక ఆ పనిదే.

రుచి చూసే గదిలో ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో గ్లాసులు వస్తాయి. అన్నీ మింగితే మత్తెక్కి, ముక్కూ నాలుకా మొద్దుబారతాయి. అందుకే ఉమ్మేస్తారు. గ్లాసు తిప్పేది వాసన పైకి లేవడానికి. మీకు ఇవ్వలేదని అలగకండి, మీ వయసు ఒంటికి అది చేటు. కానీ ఆ శ్రద్ధ నేర్చుకోండి. మనం ఏదైనా గబగబా మింగేస్తాం, వాసన చూడం. అక్కడ గ్లాసులో పోసి ఇచ్చిన మనిషే చలికాలంలో తీగలు కత్తిరించి ఉంటాడు. కుటుంబాలు నడుపుకునే చిన్న తోటల్లో చాలాచోట్ల ఇంతే. నాటిన తీగ సరిగా కాయడానికి మూడేళ్ళు పడుతుంది, ఆ తర్వాత దశాబ్దాలు కాస్తుంది. తాత నాటింది మనవలు కోస్తారు. నాకు ఆ తోటల్లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఎర్ర వైన్‌కి ఆ రంగు ఎక్కడిదో నేను చెప్పను. నల్ల ద్రాక్షపండు ఒకటి తీసుకుని, గోటితో తొక్క ఒలిచి, లోపలి గుజ్జును వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి. ఆ తొక్కను తెల్ల కాగితం మీద నలిపి, ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ
తాతయ్య